దోమ మధ్యాంత్ర ప్రోటీన్లు

ఆడ దోమ తాగిన రక్తం మధ్యాంత్రంలో జీర్ణమవుతుంది. మధ్యాంత్రం గోడ కణాలపై ఉండే ప్రోటీన్లలో కొన్ని జీర్ణక్రియకు తోడ్పడే ఎంజైములు. మలేరియా కారకమైన ప్లాస్మోడియం వీటిలో కొన్నింటిని ఆసరాగా చేసుకొని గోడను దాటుతుంది. ఈ దశను అడ్డుకుంటే దోమ వ్యాధిని మోయలేదు. ఈ ప్రోటీన్లపై పరిశోధనకు మూలం ఇదే.

తొలి పరిశీలనలు

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమను కోసి చూసి, దాని కడుపు గోడలో నల్లని రేణువులున్న కణాలను కనుగొన్నాడు. పరాన్నజీవి పెరిగే చోటు అలా తెలిసింది. అది గోడలోకి చొరబడే తీరు తెలియడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. రక్తంతోపాటు వచ్చిన పరాన్నజీవి దోమలో ఫలదీకరణం చెంది, సుమారు ఒక రోజులో ఊకినీట్ అనే కదిలే రూపం దాలుస్తుంది. రక్తపు ముద్ద చుట్టూ ఏర్పడే కైటిన్ పొరను కైటినేజ్ ఎంజైముతో ఛేదించి, గోడను దాటి, వెలుపలి వైపున ఊసిస్టు అనే తిత్తిగా స్థిరపడుతుంది.

టీకా ఆలోచన

దోమ యాంటిజెన్లు ఎక్కించిన కుందేళ్ల రక్తం తాగిన అనాఫిలిస్ స్టీఫెన్సీ దోమల్లో మరణాలు పెరిగాయని 1972లో ప్రచురితమైంది. మనిషి లేదా జంతువు రక్తంలోని యాంటీబాడీలు దోమ లోపల కూడా పనిచేయగలవన్న ఆలోచనకు ఇది బలమిచ్చింది. పశువుల గోమార్ల విషయంలో ఈ మార్గం ఆచరణకు వచ్చింది: బీఎమ్86 అనే పేగు ప్రోటీన్‌తో తయారైన టీకా 1990లలో ఆస్ట్రేలియాలో అమ్మకానికి వచ్చింది.

జన్యు యుగం

2001లో మార్సెలో జాకబ్స్-లొరెనా బృందం దోమ మధ్యాంత్రానికీ, లాలాజల గ్రంథులకూ అతుక్కునే ఎస్ఎమ్1 అనే చిన్న పెప్టైడ్‌ను గుర్తించింది. దాన్ని స్వయంగా తయారుచేసుకునేలా మార్చిన దోమల్లో ఎలుకల మలేరియా వ్యాప్తి బాగా తగ్గిందని మరుసటి ఏడాది చూపింది. అనాఫిలిస్ గాంబియే జన్యుపటం వెలువడినదీ 2002లోనే.

2007లో డింగ్లాసన్ తదితరులు ఏపీఎన్1 అనే అమైనోపెప్టిడేజ్‌పై యాంటీబాడీలు మనుషుల మలేరియా కారకమైన ఫాల్సిపారం, ఎలుకల మలేరియా కారకమైన బెర్గీ రెండింటినీ అడ్డుకుంటాయని చూపారు. 2015లో ఆ ప్రోటీన్ త్రిమితీయ నిర్మాణం వెల్లడైంది.

ప్రస్తుత స్థితి

2018లో జన్యు సవరణ పద్ధతి అయిన క్రిస్పర్‌తో ఎఫ్‌ఆర్ఈపీ1 అనే మధ్యాంత్ర ప్రోటీన్ జన్యువును తొలగించిన దోమల్లో మలేరియా సంక్రమణ తగ్గింది. అయితే రక్తం తాగే శక్తి, సంతానోత్పత్తి కూడా దెబ్బతిన్నాయి. అలాంటి దోమలు ప్రకృతిలో మామూలు దోమలతో పోటీపడి నిలవడం కష్టం. టీకా మార్గానికీ ఒక పరిమితి ఉంది: వేయించుకున్న వ్యక్తికి అది నేరుగా రక్షణ ఇవ్వదు. ఊరిలో ఎక్కువమంది వేయించుకున్నప్పుడే వ్యాప్తి తగ్గుతుంది.