నిర్మాణ పనుల్లో అంటువ్యాధి జాగ్రత్తలు.. చిన్న గుత్తేదారులు తెలుసుకోవలసినవి

ఇద్దరు తాపీ మేస్త్రీలు, పదిమంది కూలీలతో ఇళ్లు కట్టే చిన్న గుత్తేదారు వద్ద ప్రత్యేకంగా భద్రతాధికారి ఉండరు. అంటువ్యాధి ప్రబలినప్పుడు కార్మికుల ఆరోగ్య బాధ్యత నేరుగా గుత్తేదారు పైనే పడుతుంది. కొవిడ్-19 నాటి ఆంక్షలు ఇప్పుడు అమలులో లేకపోయినా, అప్పటి అనుభవం భవిష్యత్తులో మరే అంటువ్యాధి వచ్చినా అక్కరకు వస్తుంది.

నాటి నిబంధనలు

దేశవ్యాప్త లాక్‌డౌన్ 2020 మార్చి 25న మొదలైంది. ఏప్రిల్ 15న కేంద్ర హోంశాఖ జారీ చేసిన మార్గదర్శకాల మేరకు, కట్టడి ప్రాంతాలు మినహా గ్రామాల్లో నిర్మాణ పనులకు ఏప్రిల్ 20 నుంచి అనుమతి లభించింది. పట్టణాల్లో మాత్రం కూలీలు పనిస్థలంలోనే ఉండి, బయటి నుంచి ఎవరినీ రప్పించనవసరం లేని పనులనే కొనసాగించనిచ్చారు. ప్రవేశద్వారం వద్ద శరీర ఉష్ణోగ్రత పరీక్ష, కార్మికులకు వైద్య బీమా తప్పనిసరి చేశారు. షిఫ్టుల మధ్య గంట విరామం ఉండాలని, వాహనాల్లో 30 నుంచి 40 శాతం మందినే ఎక్కించాలని, లిఫ్టులో పరిమాణాన్ని బట్టి ఇద్దరు లేదా నలుగురికి మించరాదని సూచించారు. గుట్కా, పొగాకు వాడకాన్ని, ఉమ్మివేయడాన్ని నిషేధించారు.

పనిస్థలంలో ఇలా..

* సిమెంటు, మట్టి అంటిన చేతులపై శానిటైజర్ సరిగా పనిచేయదు. సబ్బుతో 20 సెకన్లపాటు కడుక్కోవాలి. అందరూ చేతులు ముంచే తొట్టె కాకుండా, కుళాయి బిగించిన డ్రమ్ము ఏర్పాటు చేయడం శ్రేయస్కరం.
* శానిటైజర్‌లోని ఆల్కహాల్‌కు మండే గుణం ఉంది. వెల్డింగ్, గ్యాస్ కటింగ్ జరిగే చోట దానిని ఉంచరాదు. చేతులు పూర్తిగా ఆరిన తరువాతే పనిలోకి దిగాలి.
* బ్లీచింగ్ ద్రావణాన్ని టైల్స్ శుభ్రపరిచే యాసిడ్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపరాదు. విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. క్రిమిసంహారకాలను మనుషులపై చల్లరాదని కేంద్ర ఆరోగ్యశాఖ 2020 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది.
* చెమటకు తడిసిన మాస్కును వెంటనే మార్చుకోవాలి. టైల్స్, రాయి కోసేవారికి గుడ్డ మాస్కు చాలదు, ఎన్-95 అవసరం.
* తాపీ, సెంట్రింగ్, రాడ్ బెండింగ్ వారిని వేర్వేరు బృందాలుగా ఉంచి, భోజన వేళలను మార్చాలి. ఒకరికి జబ్బు సోకినా పని మొత్తం నిలిచిపోకుండా ఉంటుంది.
* కూలీలు రాత్రి నిద్రించే రేకుల షెడ్లకు ఎదురెదురుగా కిటికీలు ఉండాలి. గాలి ఆడని గదిలో ఎక్కువమంది పడుకుంటే, పగలు పాటించిన దూరం వృథా అవుతుంది.

కూలి పోతుందన్న భయం

రోజుకూలీకి జ్వరం వచ్చిందని చెబితే ఆనాటి కూలి పోతుంది. అందువల్లనే పలువురు మాత్ర వేసుకుని పనిలోకి వస్తుంటారు. అలాంటప్పుడు ఉష్ణోగ్రత పరీక్షలు కూడా ఫలితమివ్వవు. జబ్బుపడిన వారికి కొన్ని రోజుల కూలి చెల్లించడం, పదిమంది మంచాన పడి పని ఆగిపోవడం కంటే గుత్తేదారుకు తక్కువ నష్టమే. పని ఒప్పుకునేటప్పుడే ఈ వ్యయాన్ని అంచనాలో చేర్చుకోవడం మేలు.

వేతనాలు నిలిచిపోతే ఏమవుతుందో సంగారెడ్డి జిల్లా కందిలో కనిపించింది. ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో పనిచేస్తున్న వలస కార్మికులు బకాయిలు చెల్లించాలని, స్వస్థలాలకు పంపాలని 2020 ఏప్రిల్ 29న ఆందోళనకు దిగారు. మే 1న దాదాపు 1,200 మందితో తొలి శ్రామిక్ ప్రత్యేక రైలు లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది.

నమోదే ఆధారం

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ నిధి నుంచి కార్మికుల ఖాతాల్లో నేరుగా సాయం జమ చేయాలని 2020 మార్చిలో కేంద్ర కార్మికశాఖ రాష్ట్రాలకు సూచించింది. అయితే సంక్షేమ మండలిలో నమోదు కాని వారికి ఆ సాయం అందే మార్గం లేకపోయింది. కనుక గుత్తేదారులు తమ వద్ద పనిచేసే వారి పేర్లు, పనిదినాలు, ఊరు, ఫోన్ నంబర్లతో రోజువారీ పుస్తకం నిర్వహించాలి. నమోదుకు అవసరమైన పనిదినాల ధ్రువీకరణకు, జబ్బు సోకినవారితో కలిసి పనిచేసిన వారిని గుర్తించడానికి ఆ పుస్తకమే ఆధారమవుతుంది.