అప్‌డేట్ తరవాత మూగబోయిన ఫోన్: బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు ఒక చరిత్ర

7.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వల్ల స్మార్ట్‌ఫోన్లు పని చేయకుండా పోయిన ముఖ్య సంఘటనలను కాలక్రమంలో వివరించగలుగుతారు. అలాంటి ఫోన్‌ను తిరిగి పని చేయించడానికి నేడు మనం అనుసరించే పద్ధతులు ఎక్కడి నుంచి వచ్చాయో, నష్టానికి బాధ్యత ఎవరిదన్న వాదం ఎలా మారుతూ వచ్చిందో చెప్పగలుగుతారు.

7.1 పరిచయం

చరిత్ర పాఠంలో ఫోన్ మరమ్మతు ఎందుకని మీకు అనిపించవచ్చు. ఒక ఉదాహరణ చూడండి. మనం సీలింగ్ ఫ్యాను కొన్న తరవాత దాన్ని తయారుచేసిన కంపెనీ ఒక రాత్రి మన ఇంటికి వచ్చి రెక్కలు మార్చి వెళ్ళదు. మిక్సీ, సైకిలు, కుట్టుమిషను ఏదైనా అంతే. కొన్న రోజున ఎలా ఉందో, అరిగిపోయేదాకా అలాగే ఉంటుంది. స్మార్ట్‌ఫోన్ విషయంలో ఈ సంబంధం మారిపోయింది. డబ్బు చెల్లించి ఇంటికి తెచ్చుకున్న వస్తువును తయారీదారు దూరం నుంచి మార్చగలుగుతున్నాడు. ఆ మార్పు వికటిస్తే వస్తువు మన చేతిలోనే చచ్చిపోతుంది.

దూరవిద్య చదివే మీలో చాలామందికి ఇంట్లో ఉన్నది ఒకే ఫోన్ కావచ్చు. పాఠాలు, హాల్ టికెట్, బ్యాంకు ఓటీపీ, పిల్లల స్కూలు కబుర్లు అన్నీ అందులోనే. అది కంపెనీ లోగో దగ్గరే ఆగిపోయినప్పుడు పుట్టే ప్రశ్నలు రెండు: దీన్ని ఎలా బాగుచేయాలి? ఖర్చు ఎవరు భరించాలి? ఈ రెండింటికీ ఇవాళ ఉన్న సమాధానాలు గత రెండు దశాబ్దాల వైఫల్యాల నుంచి పుట్టినవే.

7.2 కేబుల్ కాలం

బటన్ల ఫోన్ల రోజుల్లోనూ లోపల సాఫ్ట్‌వేర్ ఉండేది. అయితే దాన్ని మార్చాలంటే ఫోన్‌ను కేర్ సెంటరుకో, మరమ్మతు దుకాణానికో తీసుకుపోవాలి. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ లాంటి చోట్ల ఫ్లాషింగ్ బాక్సుకు ఫోన్‌ను తగిలించి 'సాఫ్ట్‌వేర్ వేయడం' ఒక వృత్తిగా ఎదిగింది. తరవాత నోకియా వంటి కంపెనీలు ఇంట్లోని కంప్యూటరు ద్వారా అప్‌డేట్ చేసుకునే ప్రోగ్రాములు ఇచ్చాయి. ఏ పద్ధతిలోనైనా మార్పు యజమాని కోరితేనే జరిగేది. కనక చెడిపోతే ఎవరు చెడగొట్టారో తెలిసేది.

7.3 ఇటుకగా మారిన ఐఫోన్లు, 2007

ఆపిల్ సంస్థ మొదటి ఐఫోన్‌ను 2007 జూన్ 29న అమెరికాలో అమ్మకానికి పెట్టింది. అది ఏటీ అండ్ టీ నెట్‌వర్క్‌లో మాత్రమే పని చేసేలా తాళం వేసి ఉండేది. రెండు నెలలు తిరగకముందే కొందరు ఆ తాళాన్ని తీసే మార్గం కనిపెట్టారు. సెప్టెంబరు 24న ఆపిల్ ఒక హెచ్చరిక జారీ చేసింది: తాళం తీసిన ఫోన్లపై తమ తరవాతి అప్‌డేట్ వేస్తే అవి శాశ్వతంగా పనికిరాకుండా పోయే అవకాశం ఉందని దాని సారాంశం. మూడు రోజులకే, సెప్టెంబరు 27న, 1.1.1 అప్‌డేట్ వచ్చింది. తాళం తీసిన ఫోన్లు చాలా వరకు మూగబోయాయి. కొన్ని వారాల్లో హ్యాకర్లు వాటిలో కొన్నింటికి మళ్ళీ ప్రాణం పోశారు.

కదలిక లేని ఫోన్‌ను ఇంగ్లీషులో ఇటుకతో పోల్చే మాట అప్పుడు వార్తాపత్రికలకెక్కింది. మన మరమ్మతుదారులు 'డెడ్ అయింది' అనే దాన్నే వాళ్ళు 'బ్రిక్ అయింది' అంటారు. అప్పటి వాదన సూటిగా ఉంది: నువ్వు వస్తువును కెలికావు, కనక నష్టం నీదే. ఈ వాదన చాలాకాలం నిలిచింది. ఒక మనిషి తాను కొన్న వస్తువును తనకు నచ్చిన నెట్‌వర్క్‌లో వాడుకోవడం తప్పెలా అయిందన్న ప్రశ్నను అప్పట్లో కొద్దిమందే అడిగారు.

7.4 గాలిలో వచ్చే అప్‌డేట్

2008 అక్టోబరులో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ కేబుల్ లేకుండానే అప్‌డేట్లు అందుకోగలిగింది. ఆపిల్ ఈ సౌకర్యాన్ని 2011 అక్టోబరులో ఐఓఎస్ 5తో ఇచ్చింది. లాభం నిజమైనదే. భద్రతా లోపాలను కోట్ల ఫోన్లలో కొద్ది రోజుల్లో సరిదిద్దడం ఇంకో విధంగా సాధ్యం కాదు. అదే వేగంతో పొరపాటు కూడా ప్రయాణిస్తుందన్నది 2014లో బాగా తెలిసివచ్చింది.

ఆ ఏడాది సెప్టెంబరు 24న, ఐఫోన్ 6 మార్కెట్లోకి వచ్చిన ఐదో రోజున, ఆపిల్ ఐఓఎస్ 8.0.1ను విడుదల చేసింది. వేసుకున్న వారి ఐఫోన్ 6, 6 ప్లస్‌లలో సిగ్నల్ పోయింది, వేలిముద్ర పని చేయలేదు. కంపెనీ కొద్దిసేపట్లోనే దాన్ని వెనక్కి తీసుకుంది. దెబ్బతిన్న ఫోన్లు 40,000 లోపేనని ప్రకటించి, కంప్యూటరుకు తగిలించి పాత ఐఓఎస్ 8 వేసుకోమని దారి చూపింది. మర్నాడే 8.0.2 వచ్చింది. ఇక్కడ వాడకందారు చేసిన తప్పేమీ లేదు. కంపెనీ చెప్పినట్టు చేసినందుకే ఫోన్ పోయింది. 2007 నాటి వాదన ఈ సందర్భానికి సరిపోలేదు.

7.5 ఎర్రర్ 53

ఈ చరిత్రలో నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన మలుపు 2016 ఫిబ్రవరిలో బయటపడిన ఎర్రర్ 53 వివాదం. హోమ్ బటన్ పగిలితే చాలామంది బయటి దుకాణంలో తక్కువ ఖర్చుతో మార్పించుకునేవారు. ఫోన్ నెలల తరబడి బాగానే నడిచేది. ఆ తరవాత ఐఓఎస్ కొత్త రూపం వేసుకోగానే తెరమీద 53 అనే అంకె కనిపించి ఫోన్ స్తంభించిపోయేది. లోపలి ఫోటోలు, నంబర్లు అన్నీ చిక్కుకుపోయేవి.

ఇది వేలిముద్ర భద్రత కోసం చేసిన ఏర్పాటని ఆపిల్ మొదట సమర్థించుకుంది. ఆ సమర్థనలో కొంత నిజం లేకపోలేదు. వేలిముద్ర భాగాన్ని ఎవరో మార్చితే ఫోన్ అనుమానించడం సబబే. అయితే అనుమానం వస్తే వేలిముద్రను ఆపేసి పాస్‌కోడ్ అడిగితే సరిపోతుంది, మొత్తం ఫోన్‌ను చంపనక్కరలేదు. చివరికి కంపెనీ కూడా ఇక్కడికే వచ్చింది. ఫిబ్రవరి 18న సవరించిన ఐఓఎస్ 9.2.1ను విడుదల చేసి, ఆ పరీక్ష కర్మాగారంలో వాడటానికి ఉద్దేశించినదని చెప్పి, క్షమాపణ కోరింది. కొత్త ఫోన్‌కు డబ్బు కట్టినవారికి తిరిగి ఇస్తామంది.

విషయం అక్కడితో ముగియలేదు. ఆస్ట్రేలియా పోటీ, వినియోగదారుల కమిషన్ కోర్టుకు వెళ్ళింది. బయట మరమ్మతు చేయించారన్న కారణంతో మీకు పరిహారం రాదని కనీసం 275 మందికి ఆపిల్ తప్పుగా చెప్పిందని తేలింది. 2018 జూన్‌లో అక్కడి ఫెడరల్ కోర్టు 90 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది. గల్లీ దుకాణంలో తెర మార్పించుకున్నంత మాత్రాన వినియోగదారు హక్కు పోదన్న సూత్రానికి దీంతో కోర్టు బలం వచ్చింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 2007 నాటి 1.1.1 అప్‌డేట్‌కూ ఎర్రర్ 53కూ మధ్య పోలికలు, తేడాలు ఏమిటి? పది పంక్తుల్లో రాయండి.

7.6 పాత ఫోన్లు, కొత్త అప్‌డేట్లు

అదే కాలంలో మరో రకం ఫిర్యాదు పెరిగింది. ఫోన్ పూర్తిగా చావదు, కానీ అప్‌డేట్ తరవాత నత్తనడక నడుస్తుంది. 2017 జనవరిలో వచ్చిన ఐఓఎస్ 10.2.1, అరిగిన బ్యాటరీ ఉన్న ఐఫోన్లు హఠాత్తుగా ఆరిపోకుండా ప్రాసెసర్ వేగాన్ని తగ్గించింది. ఆ సంగతిని కంపెనీ కొన్నవారికి స్పష్టంగా చెప్పలేదు. డిసెంబరులో వేగ పరీక్షల లెక్కలు దాన్ని బయటపెట్టాయి. ఆపిల్ క్షమాపణ చెప్పి అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి తగ్గించింది. 2018 అక్టోబరులో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ ఆపిల్‌కు కోటి యూరోలు, శామ్‌సంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. గెలాక్సీ నోట్ 4 యజమానులను ఆ ఫోన్ మోయలేని ఆండ్రాయిడ్ రూపాన్ని వేసుకోమని ఒత్తిడి చేసిందన్నది శామ్‌సంగ్‌పై అభియోగం.

అన్ని నేరాలనూ అప్‌డేట్ మీదే మోపకూడదు. నెక్సస్ 6పీ ఫోన్లు చాలావాటికి లోగో వరకు వచ్చి మళ్ళీ మొదటికి పోయే జబ్బు పట్టింది. కొత్త ఆండ్రాయిడ్ వేసుకున్నాకే ఇలా అయిందని యజమానులు అన్నారు. స్వచ్ఛందంగా పనిచేసే కొందరు డెవలపర్లు ప్రాసెసర్‌లోని 8 కోర్లలో వేగవంతమైన నాలుగింటిని ఆపేస్తే ఫోన్ తిరిగి లేచింది. అంటే దెబ్బ హార్డ్‌వేర్‌లో ఉంది. వ్యాజ్యం 2019లో 97.5 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది. బలహీనమైన భాగం ఉన్న ఫోన్‌కు అప్‌డేట్ అనేది బరువైన పరీక్ష. అది ఫెయిలైతే కారణం పరీక్షలోనే ఉందని అనుకోనక్కరలేదు.

7.7 మరమ్మతు పద్ధతుల వెనక చరిత్ర

ఇప్పుడు మన చేతిలో ఆగిపోయిన ఫోన్ ఉందనుకోండి. మొదట అరగంట చార్జింగులో ఉంచాలి. పెద్ద అప్‌డేట్ తరవాత మొదటిసారి తెరుచుకోవడానికి మామూలు కంటే ఎక్కువ సమయం పట్టవచ్చు. కంగారుపడి మధ్యలో ఆపడం వల్ల చెడిన ఫోన్లూ ఉన్నాయి. ఆ తరవాత బలవంతపు రీస్టార్ట్. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్‌ను, కొన్నింట్లో దానితోపాటు వాల్యూమ్ బటన్‌ను ఎక్కువసేపు నొక్కి ఉంచాలి. ఐఫోన్ 8, ఆ తరవాతి వాటిలో వాల్యూమ్ పెంచే బటన్ ఒకసారి, తగ్గించేది ఒకసారి నొక్కి వదిలి, పక్క బటన్‌ను ఆపిల్ గుర్తు వచ్చేదాకా పట్టుకోవాలి. దీనివల్ల డేటా పోదు.

ఫోన్ తెరుచుకుని యాప్‌లు మాత్రమే మూసుకుపోతుంటే అనుమానం వేరేచోట ఉండాలి. 2021 మార్చిలో ప్రపంచమంతటా ఆండ్రాయిడ్ ఫోన్లలో జీమెయిల్ సహా ఎన్నో యాప్‌లు తెరవగానే మూసుకుపోయాయి. వెబ్‌వ్యూ అనే ఒక చిన్న భాగం తనంతట తాను అప్‌డేట్ కావడమే కారణం. దాని అప్‌డేట్‌ను తీసేసినవారికి ఫోన్ బాగైంది, గూగుల్ తరవాత సవరణ పంపింది. ఫోన్ మొత్తాన్ని చెరిపేసుకున్నవారు మాత్రం అనవసరంగా నష్టపోయారు. మనం వేసుకున్న యాప్‌లను పక్కనపెట్టి ఫోన్‌ను తెరిచే సేఫ్ మోడ్ ఇలాంటి తేడా పట్టుకోవడానికే ఉంది.

లోగో దగ్గరే ఆగితే రికవరీ మోడ్ మిగులుతుంది. ఇక్కడ రెండు మాటలను జాగ్రత్తగా వేరుచేసుకోండి. క్యాష్ తుడవడం తాత్కాలిక ఫైళ్ళను మాత్రమే తీస్తుంది, అన్ని ఫోన్లలో ఈ ఎంపిక ఉండదు. ఫ్యాక్టరీ రీసెట్ అన్నిటినీ తీస్తుంది. ఐఫోన్‌ను కంప్యూటరుకు తగిలించినప్పుడు 'అప్‌డేట్', 'రీస్టోర్' అని రెండు కనబడతాయి. మొదటిది డేటా ఉంచి సాఫ్ట్‌వేర్‌ను మళ్ళీ వేస్తుంది, రెండోది చెరిపేస్తుంది. ముందు మొదటిదే ప్రయత్నించాలి. రీసెట్ చేసిన ఆండ్రాయిడ్ ఫోన్ పాత గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది. దొంగతనాన్ని అరికట్టడానికి 2015లో వచ్చిన ఈ ఏర్పాటు, పాస్‌వర్డ్ మరిచిన అసలు యజమానినే గుమ్మం బయట నిలబెడుతోంది.

2016లో ఆండ్రాయిడ్ 7తో ఒక తెలివైన మార్పు వచ్చింది. ఫోన్‌లో వ్యవస్థకు రెండు గదులుంటాయి. ఒకదానిలో పాతది నడుస్తుండగా కొత్తది రెండో గదిలో వేస్తారు, అది లేవకపోతే ఫోన్ పాత గదికే తిరిగి వస్తుంది. నిల్వ స్థలం ఖర్చవుతుంది గానీ ఎన్నో ఫోన్లను ఇది కాపాడింది. మరోవైపు, భద్రత పేరిట పాత రూపానికి వెళ్ళే దారిని కంపెనీలు మూసేస్తూ వచ్చాయి. అందుకే ఒకప్పుడు ఫ్లాషింగ్ బాక్సుతో పది నిమిషాల్లో పాత సాఫ్ట్‌వేర్ వేసిన దుకాణదారు ఇవాళ చాలా ఫోన్లలో చేతులెత్తేస్తున్నాడు. తప్పు సాఫ్ట్‌వేర్ వేస్తే కథ ఇంకా జటిలమవుతుంది. నిల్వలోని సమాచారం ఎన్‌క్రిప్షన్‌లో ఉంటుంది కాబట్టి చిప్ ఊడదీసినా ఫోటోలు చదవడం కుదరదు.

7.8 భారతదేశం

మన దేశంలో అప్‌డేట్ల ప్రమాదాన్ని గట్టిగా చూపించింది షావోమీ ఎంఐ ఏ3. 2020 చివరి రోజుల్లో దానికి ఆండ్రాయిడ్ 11 పంపగానే చాలా ఫోన్లు ఆరిపోయి తిరిగి వెలగలేదు. కంపెనీ పంపిణీని ఆపి, వారంటీ ఉన్నా లేకున్నా అధీకృత సర్వీస్ సెంటర్లలో ఉచితంగా బాగుచేస్తామని ప్రకటించింది. 2007 నాటి 'నష్టం నీదే' నుంచి ఈ మాట ఎంత దూరంలో ఉందో గమనించండి.

చట్టం వైపు చూస్తే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అనేది 2020 జులై 20న అమల్లోకి వచ్చింది. దాని కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. మరమ్మతు హక్కు కోసం కేంద్రం 2022 డిసెంబరు 24న ఒక పోర్టల్ తెరిచింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు వచ్చిన ఫిర్యాదుల ఆధారంగా, ఐఓఎస్ 18 తరవాత ఐఫోన్లలో తలెత్తిన సమస్యలపై ఆ ప్రాధికార సంస్థ ఆపిల్‌కు నోటీసు ఇచ్చినట్టు 2025 జనవరిలో కేంద్రమంత్రి ప్రహ్లాద్ జోషి వెల్లడించారు.

ఆ హెల్ప్‌లైన్ నంబరు 1915. ఫిర్యాదు నిలబడాలంటే కాగితాలు కావాలి: కొన్న బిల్లు, అప్‌డేట్ వేసిన తేదీ, వీలైతే దాని రూపసంఖ్య, సర్వీస్ సెంటర్ ఇచ్చే జాబ్ షీట్. జాబ్ షీట్ మీద 'అప్‌డేట్ తరవాత ఆన్ కావడం లేదు' అని రాయించుకోవాలి. కౌంటరులో ఉన్నవారు కేవలం 'డెడ్' అని రాసి ఇస్తే, సంతకం చేసేముందే సరిచేయమని అడగండి.