మందుల పరస్పర చర్యలు: నిజామాబాద్–బోధన్ ప్రాంతం

ఒక మందు పనితీరును మరో మందు గానీ, తిండి గానీ, తాగే పదార్థం గానీ మార్చేస్తే దాన్ని పరస్పర చర్య అంటారు. మందు బలం హద్దు దాటవచ్చు, లేదా వేసుకున్నా వేసుకోనట్టే కావచ్చు. డాక్టరు చీటీ రాసేటప్పుడు, మందుల షాపులో గోలీలు ఇచ్చేటప్పుడు దీన్ని సరిచూడాలి. నిజామాబాద్ పట్టణంలోనూ, బోధన్ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఈ పనికి ఒక పెద్ద చిక్కుంది. చీటీలో ఎక్కడా కనబడని మందు కొందరి ఒంట్లో రోజూ పడుతుంటుంది. అది కల్తీ కల్లులోది.

చెట్టు కల్లు గిరాకీకి చాలని చోట నీళ్లకు తీపి చేర్చి, మత్తు కోసం ఆల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీపై దాడులు ముమ్మరం చేసినప్పుడు నిజామాబాద్‌తో పాటు మరికొన్ని జిల్లాల్లో కల్లుకు అలవాటుపడ్డవాళ్లు ఆసుపత్రులకు చేరారు. చేతుల వణుకు, నిద్రలేమి, పొంతన లేని మాటలు, ఫిట్స్. ఇవన్నీ ఆ మత్తుమందు ఉన్నట్టుండి ఆగిపోవడం వల్ల వచ్చినవి.

ఆల్ప్రాజోలాన్ని కాలేయంలోని ఒక ఎంజైము విరగ్గొడుతుంది. తామరకు వాడే ఇట్రాకొనజోల్ ఆ ఎంజైమునే అడ్డుకుంటుంది కాబట్టి ఈ రెండూ కలవకూడదు. పొలం పని చేసి చెమటలో నానిన మనిషికి గజ్జల్లో తామర రావడం మామూలే. వారాల తరబడి ఆ క్యాప్సూల్స్ వేసుకుంటూ, సాయంత్రం మత్తుమందు కలిసిన కల్లు ఎప్పటిలా రెండు సీసాలు తాగితే మత్తు మునుపటికంటే లోతుగా, ఎక్కువసేపు పడుతుంది. దానికి తోడు నొప్పులకని ట్రమడాల్ పడితే శ్వాస మందగించి ప్రాణం మీదికి రావచ్చు. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్‌ది తలకిందుల కథ: ఎంజైమును పెంచి ఆల్ప్రాజోలాన్ని త్వరగా ఖాళీ చేస్తుంది. రోజూ తాగే మనిషికి తాగుతుండగానే వణుకు మొదలుకావచ్చు. అందుకే ఇక్కడ సరిచూడటం “పెద్దయ్యా, కల్లు అలవాటుందా? రోజుకెన్ని సీసాలు?” అన్న ప్రశ్నతో మొదలవ్వాలి. తిడతారన్న భయం ఉంటే ఎవరూ నిజం చెప్పరు. అలవాటుందంటే, ఒక్కరోజులో మానెయ్యమనడం కూడా ప్రమాదమే. డాక్టరు చూస్తుండగా మెల్లగా తగ్గించాలి.

కల్లే కాదు, పండ్ల రసం కూడా మందు బలం పెంచగలదని కెనడాలో 1989లో అనుకోకుండా బయటపడింది. బీపీ మందు ఫెలోడిపిన్‌తో ఆల్కహాలు ప్రభావాన్ని పరీక్షిస్తూ, దాని రుచి తెలియకుండా ఉండాలని ‘గ్రేప్‌ఫ్రూట్’ అనే నిమ్మజాతి పండు రసం కలిపారు. రక్తంలో మందు స్థాయి పెరిగిపోయింది. మన పంపర పనస దాని దగ్గరి చుట్టం, అలాంటి పదార్థాలే అందులోనూ ఉన్నాయి.

నిజామాబాద్ పసుపు సంగతి వేరు. కూరలో వేసే పసుపుకు భయపడనక్కర్లేదు. కానీ రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, అసిట్రోమ్ వాడేవాళ్లు పసుపు నుంచి తీసిన గాఢమైన కుర్‌కుమిన్ గోలీలు తోడు చేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. మందు బలం మారుతుందని వీళ్లు పాలకూర, తోటకూర మానక్కర్లేదు, వారం వారం ఒకే తీరుగా తింటే చాలు.

షుగర్ మందు గ్లిమెపిరైడ్ వేసుకుని రోజూ కాకర రసం తాగితే షుగర్ మరీ పడిపోవచ్చు. బీపీ మందులు టెల్మిసార్టాన్, స్పైరోనోలాక్టోన్ వాడేవారికి కొబ్బరినీళ్ల పొటాషియం గుండెకు చేటు చేయవచ్చు. థైరాయిడ్ గోలీకీ ఐరన్, కాల్షియం గోలీలకూ 4 గంటల ఎడం ఉండాలి. ఎండలో పనిచేసే బీపీ మనిషి నీరు దించే గోలీతో పాటు నొప్పి గోలీ డైక్లోఫెనాక్ మింగితే కిడ్నీలు దెబ్బతినవచ్చు.

షాపుకు వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న షీట్లన్నీ, ఆర్ఎంపీ ఇచ్చినవీ, ఆయుర్వేదం పొడులూ ఒకే సంచిలో తీసుకెళ్లాలి. షీటు మీద చూడాల్సింది కంపెనీ పెట్టిన పేరు కాదు, అసలు మందు పేరు. జలుబు గోలీలో, జ్వరం గోలీలో, నడుంనొప్పి గోలీలో పారాసిటమాల్ మూడుసార్లు దాగి ఉండటం చాలా మామూలు. మందు వికటించిందనిపిస్తే డాక్టరే కాదు, రోగి కూడా 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి చెప్పవచ్చు.