పశువైద్య విద్యార్థియు పరిశోధనాశాలయు: బెంగుళూరు చరిత్ర చెప్పు పాఠము

పశువైద్యమనగానే గ్రామీణునకు స్ఫురించునది పశువుల ఆసుపత్రియు, అచ్చట సూదివేయు డాక్టరును. ఆ సూదిమందు ఎచ్చట పుట్టినది, దానిని కనుగొన్నవారెవరు అను ప్రశ్న అరుదుగా వినవచ్చును. కళాశాలలో చేరిన విద్యార్థులలో అనేకులకును ప్రభుత్వ పశువైద్యశాలలో ఉద్యోగమే గమ్యము. అందు తప్పేమియు లేదు. రైతు వాకిట నిలిచి పశువును బ్రదికించువాడు దేశసేవకుడే. కాని ప్రతి మందు వెనుకను ఒక పరిశోధకుని సందేహము దాగియున్నది. అట్టి సందేహములు పుట్టుట మానినచో నిన్నటి జ్ఞానముతోనే నేటి రోగమును ఎదుర్కొనవలసివచ్చును. ఈ సంగతిని గ్రహించుటకు బెంగుళూరు చరిత్ర మిక్కిలి అనువైనది.

మైసూరు సీమ పశుసంపదకు పూర్వమునుండి పేరుపడినది. ఒడయరుల కాలమున వెన్నచావడిగా నుండిన రాజగోశాలకు టిప్పుసుల్తాను అమృతమహలని పేరిడెను. ఆ జాతి ఎద్దులు సైన్యముల ఫిరంగులను, సామగ్రిని లాగెను. అట్టి సంపదకు ముసరవ్యాధి పరమశత్రువు. అది ఊరు చొచ్చినచో కొట్టములు ఖాళీయగుచుండెను. ఎద్దులు పోయిన రైతునకు ఆ యేడు సేద్యము సాగెడిది కాదు.

ఈ వ్యాధిని శాస్త్రరీతిని ఎదుర్కొను యత్నము భారతదేశమున 1889లో పూనాయందు స్థాపితమైన ఇంపీరియల్ బాక్టీరియలాజికల్ లేబరేటరీతో ప్రారంభమైనది. 1893లో అది హిమాలయప్రాంతమందలి ముక్తేశ్వరమునకు తరలెను. 1897లో జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కోహ్ అచ్చటికి వచ్చెను. దక్షిణమున 1925లో బెంగుళూరునందు మైసూరు సీరం సంస్థ ఏర్పడెను. ముసరవ్యాధి నివారణమే దాని ప్రథమోద్దేశము.

సీరముతో కలుగు రక్షణ కొలదిదినములు మాత్రమే నిలుచును. దానితోపాటు సజీవ విషాణువును ఎక్కించినచో రక్షణ చిరకాలముండును గాని, ఆ సూదివలననే వ్యాధి వ్యాపించు భయము కలదు. ఈ చిక్కును విప్పదలచి 1920 దశకమున ముక్తేశ్వరమునందు జె. టి. ఎడ్వర్డ్సు విషాణువును మేకనుండి మేకకు పలుమారులు ఎక్కించుచు పోయెను. మేకలకు అలవడినకొలది అది గోవులయెడ తీక్ష్ణతను కోల్పోయెను. ఇట్లు మేక టీకా పుట్టినది. 1954లో ఆరంభమైన జాతీయ నిర్మూలన ప్రణాళికకు ఇదియే ఆధారమయ్యెను. తరువాత వాల్టర్ ప్లౌరైటు తూర్పు ఆఫ్రికాయందు కణజాల సంవర్ధనముతో మరింత సురక్షితమైన టీకాను సాధించెను. భారతదేశమున చివరి ముసరవ్యాధి 1995లో కనబడినది. 2006లో దేశము, 2011లో ప్రపంచము ఆ వ్యాధినుండి విముక్తమైనట్లు ప్రకటింపబడెను. మశూచి తరువాత మానవుడు భూమినుండి తొలగించిన రెండవ వ్యాధి ఇదియే. ప్రయోగశాలలో ఓపికపట్టినవారును, ఊరూర తిరిగి టీకావేసినవారును కలిసి సాధించిన విజయమిది. ఇందొకరు లేనిచో రెండవవారి శ్రమ నిష్ఫలమగును.

బెంగుళూరున 1923లోనే పశుపోషణ, పాడిపరిశ్రమల ఇంపీరియల్ సంస్థ నెలకొనెను. 1927లో గాంధీమహాత్ముడు ఇచ్చట పశుపాలనమున శిక్షణ పొందెను. ప్రధానసంస్థ 1955లో కర్నాలునకు తరలగా, బెంగుళూరు శాఖ దక్షిణప్రాంతీయ కేంద్రమై నిలిచెను. 1958లో హెబ్బాళయందు పశువైద్య కళాశాల ప్రారంభమయ్యెను. సీరం సంస్థయు, గాలికుంటు వ్యాధికి టీకా విషయమై కృషిచేసిన భారత పశువైద్య పరిశోధనాసంస్థవారి ప్రాంగణమును అదే హెబ్బాళయందు కలవు. అనంతరకాలమున పశురోగముల వ్యాప్తిని గణించి ముందుగా హెచ్చరించు జాతీయసంస్థ యలహంకయందు వెలసినది. విద్యార్థి నివసించు చోటికి పరిశోధనాశాల నడకదూరమున నుండుట సామాన్యమైన భాగ్యము కాదు.

ఆంధ్రదేశ చరిత్రలోను ఇట్టి పాఠములే కలవు. హైదరాబాదున 1946లో పశువైద్య కళాశాల ఏర్పడెను. బాపట్లయందు 1955లో మొదలైనది 1957లో తిరుపతికి మారెను. అంతకు పూర్వమే మద్రాసు రాష్ట్రమున ఎం. ఎ. ఎన్. రావు పశువుల గురకవ్యాధిని శోధించి, దానికి కారణమైన రక్తపు పురుగును 1933లో వర్ణించెను. షిస్టోసోమా నేసేలు అను దాని శాస్త్రనామము వెంట నేటికిని ఆయన పేరు చేర్చి వ్రాయబడును. చెరువునీటి నత్తనుండి పశువునకు సోకు ఆ వ్యాధి గుట్టు, గురకను విని ఊరకుండక కారణమడిగినవానికే తెలిసినది.

దీనికి మారుపక్షమును కలదు. ఒంగోలు జాతి పశువులు నెల్లూరు పేరుతో సముద్రములు దాటి బ్రెజిలు చేరెను. 1960 దశకపు తొలినాళ్లలో ఒంగోలు సమీపమందలి కరవది గ్రామపు పేరుతో ప్రసిద్ధికెక్కిన ఆబోతును అటులే వెళ్లెను. ఎంపికచేసి, లెక్కలు వ్రాసి, తరతరములు పెంచిన ఫలితముగా నేడు ఆ దేశపు మాంసపశువులలో ఆ జాతిదే పైచేయి. విత్తనము తెలుగునేలది, పరిశోధనాఫలము పరదేశమునకు దక్కినది.

పశువైద్యుని పరిశోధన పశువులతోనే ఆగునది కాదు. 1957లో శివమొగ్గ జిల్లాలోని క్యాసనూరు అడవిలో కోతులు చచ్చుటయు, మనుష్యులు జ్వరపడుటయు సంభవింపగా పూనా విషాణు పరిశోధన కేంద్రమువారు కొత్త విషాణువును కనుగొనిరి. దానిని మోయునది అడవిపిడుదు. ఎదిగిన పిడుదులకు ఆహారము అడవి అంచున మేయు పశువుల రక్తమే. కోతి, పిడుదు, ఆవు, మనిషి, ఈ నాలుగింటి సంబంధమును తెలియక జ్వరమును మాత్రమే చూచినవానికి రోగమూలము చిక్కదు.

బెంగుళూరునకు తూర్పున వైట్‌ఫీల్డు రైలుస్టేషను గల కాడుగోడి ఒకప్పుడు నగరమునకు దూరమైన పల్లె. 2023లో అచ్చటికి మెట్రో రైలు వచ్చెను. కోలారు సీమనుండియు, ఆంధ్ర తెలంగాణములనుండియు వచ్చిన తెలుగు కుటుంబములకు ఆ పరిసరములు నివాసములైనవి. అచ్చటి బాలబాలికల చూపు ఎక్కువగా కంప్యూటరు విద్యపైననే నిలుచుట సహజము. అయినను అదే నగరపు ఉత్తరభాగమున హెబ్బాళ కలదను సంగతి వారికి తెలియవలసియున్నది. పల్లె నగరమైనను పాలు ఆవునుండియే రావలెను; పశువుల రోగములు గోడలకు ఆగవు.

విద్యార్థులను పరిశోధనకు మరల్చుటకు ఉపన్యాసములు చాలవు. ప్రథమవత్సరమునందే వారిని ప్రయోగశాలకు కొనిపోయి సూక్ష్మదర్శిని ముందు కూర్చుండబెట్టవలెను. పల్లెలో తాము చూచిన రోగమును గూర్చి ఒక ప్రశ్న వ్రాయించి, దానికి సమాధానము వెదకింపవలెను. స్నాతకోత్తర విద్యకు భారత వ్యవసాయ పరిశోధనామండలి యొసగు ఫెలోషిప్పుల సంగతియు, 1973లో ఏర్పడిన వ్యవసాయ శాస్త్రజ్ఞుల నియామకమండలి జరుపు పరీక్షల సంగతియు సకాలమున తెలుపవలెను. జీతము ఆలస్యముగా వచ్చునని వెనుదీయు తలిదండ్రులకు ఇది గౌరవమైన జీవనోపాధియని నచ్చజెప్పుట తెలుగు సంఘములు చేయదగిన పని. పేద విద్యార్థికి స్నాతకోత్తర విద్యాకాలమున చేయూతనిచ్చుటయు అట్టిదే.

ముసరవ్యాధి పోయినది, గాలికుంటు ఇంకను పోలేదు. దానిని సాగనంపువాడు నేడు ఏ కళాశాలలోనో, ఆసుపత్రి ఉద్యోగమా, పరిశోధనయా అని తర్కించుకొనుచు ఉండవచ్చును.