విశాఖపట్నం–చెన్నై: దూరమెంత? విమానంలో ఎంత సమయం?

న్యూఢిల్లీ: బంగాళాఖాత తీరంలోని విశాఖపట్నం, చెన్నై నగరాల మధ్య గగనమార్గ దూరం సుమారు 620 కిలోమీటర్లు, అంటే దాదాపు 335 నాటికల్ మైళ్లు. నేరుగా వెళ్లే జెట్ విమానానికి సాధారణంగా గంటా ఇరవై నుంచి గంటన్నర సమయం పడుతుంది.

రోడ్డు, రైలు దూరం ఎందుకు ఎక్కువ?

రెండు నగరాలను కలిపే సరళరేఖ దాదాపు పూర్తిగా సముద్రం మీదుగానే సాగుతుంది. భూమార్గాలు మాత్రం తీరం వంపును అనుసరించి, గోదావరి, కృష్ణా నదులను దాటుతూ రాజమహేంద్రవరం, విజయవాడ, ఒంగోలు, నెల్లూరుల మీదుగా వెళ్తాయి. అందువల్ల రైలు మార్గం దాదాపు 780 కిలోమీటర్లు, 16వ నంబరు జాతీయ రహదారిపై దూరం సుమారు 800 కిలోమీటర్లు ఉంటుంది. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ వంటి రైలుకు 13 గంటల వరకు పడుతుంది.

గంటకు 800 కిలోమీటర్ల వేగమైతే గంటన్నర ఎందుకు?

ఆ వేగంతో లెక్కిస్తే 620 కిలోమీటర్లకు ముప్పావు గంట చాలు. అయితే విమానం పైకి ఎగిరేటప్పుడు, కిందికి దిగేటప్పుడు వేగం తక్కువగా ఉంటుంది. విమానయాన సంస్థలు ప్రకటించే సమయంలో విమానం నిలిపిన చోటు నుంచి రన్‌వేకు చేరడం, దిగాక టెర్మినల్‌కు రావడం కూడా కలిసి ఉంటాయి. ఏటీఆర్ వంటి టర్బోప్రాప్ విమానాల వేగం తక్కువ కనుక వాటికి మరికొంత సమయం కావాలి.

మొత్తం ప్రయాణానికి ఎంత?

దేశీయ ప్రయాణికులు రెండు గంటల ముందుగా విమానాశ్రయానికి చేరుకోవడం మంచిది. చెక్-ఇన్ కౌంటర్లను సాధారణంగా గంట ముందే మూసివేస్తారు. ఇంటి నుంచి బయలుదేరడం, దిగాక సామాను తీసుకుని నగరంలోకి వెళ్లడం కలిపితే ప్రయాణం అయిదు గంటలకు చేరుతుంది. చెన్నై విమానాశ్రయం నుంచి సెంట్రల్ స్టేషన్‌కు మెట్రో సౌకర్యం ఉంది.

హైదరాబాద్ లేదా బెంగళూరులో మారాల్సిన టికెట్ అయితే వేచి ఉండే సమయం అదనం. బుకింగ్‌కు ముందు ‘నాన్‌స్టాప్’ అని ఉందో లేదో చూసుకోవాలి.

భోగాపురంతో ఏం మారుతుంది?

విశాఖ నగరంలోని విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా స్థావరంలో భాగం. పౌర విమానాల కోసం నగరానికి సుమారు 45 కిలోమీటర్ల దూరంలోని భోగాపురం వద్ద అల్లూరి సీతారామరాజు పేరిట చేపట్టిన అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. అక్కడి నుంచి బయలుదేరినా గాలిలో గడిపే సమయం పెద్దగా మారదు. విశాఖ వాసులకు పెరిగేది రోడ్డు ప్రయాణమే. గాజువాక వంటి దక్షిణ ప్రాంతాల వారికి ఆ భారం ఎక్కువగా ఉంటుంది, విజయనగరం, శ్రీకాకుళం వాసులకు మాత్రం విమానాశ్రయం దగ్గరవుతుంది. కాబట్టి టికెట్‌పై విమానాశ్రయం పేరు చూసుకున్నాకే ఇంటి నుంచి బయలుదేరే వేళను నిర్ణయించుకోవాలి.