సోనామసూరి బియ్యం (బళ్ళారి ప్రాంతం)

తుంగభద్ర ఆయకట్టులో పండి, సిరుగుప్ప, గంగావతి, సింధనూరు మిల్లుల్లో ఆడి, బెంగళూరు నుంచి అమెరికా దాకా సూపర్‌మార్కెట్లకు చేరే సన్నబియ్యానికి వాడుకలో ఉన్న పేరు సోనామసూరి. అసలు సోనామసూరి బాపట్లలో రూపొందిన బీపీటీ 3291. సంచిలో మాత్రం తరచు ఉండేది అదే ఊరి మరో వంగడం, బీపీటీ 5204 సాంబమసూరి.

బళ్ళారి సీమ వరినేల కాదు. నల్లరేగడిలో జొన్న, పత్తి, వేరుశనగ వేసుకుని వానకోసం ఎదురుచూసిన ప్రాంతమిది. హోసపేట దగ్గర విజయనగర రాజులు తవ్వించిన రాయ, బసవ కాలువల కింద మాత్రం వరి, చెరకు, అరటి పండేవి. తుంగభద్ర ఆనకట్టకు 1945లో మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు చెరో ఒడ్డున శంకుస్థాపన చేశాయి. 1953లో కాలువలకు నీళ్లొచ్చాయి. కరవు సీమకు అండగా, కొద్ది నీటిని ఎక్కువ ఎకరాలకు పంచి ఆరుతడి పంటలు గట్టెక్కించాలన్నది అప్పటి ఆలోచన. వరికి కొంత భాగమే కేటాయించారు. అదే ఏడాది అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్రలో ఉండిపోయాయి. కాలువలు మాత్రం సరిహద్దు దాటి నేటికీ కర్నూలు, అనంతపురం వైపు సాగుతున్నాయి.

ఆరుతడి పంటల ఆలోచన కాగితం మీదే మిగిలింది. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు అక్కడి భూములమ్ముకుని వచ్చి, ఇక్కడ చవగ్గా ఎక్కువ ఎకరాలు కొన్నారు. పొలాల మధ్యే వేసుకున్న వాళ్ల గుడిసెలు క్రమంగా ‘క్యాంపు’లనే ఊళ్లయ్యాయి. గంగావతి దగ్గరి శ్రీరామనగర్ అలాంటిదే. నేల చదును చేసి, గట్లు వేసి, మళ్లలో నీళ్లు నిలగట్టే నేర్పు వాళ్లకు పుట్టుకతో వచ్చింది. చుట్టుపక్కల రైతులూ వాళ్లను చూసి వరికి దిగారు. కాలువ మొదట్లో ఉన్నవాడు రెండు పంటలు తీస్తే చివరి తూము కింది రైతుకు ఒక్క తడి కూడా గగనమైంది. ఈ బియ్యం కథ చెప్పేవారు ఆ చివరి రైతును మరిచిపోవడం అన్యాయం.

1986లో విడుదలైన సాంబమసూరి ఈ నేలను మరింతగా వరివైపు తిప్పింది. మద్రాసు కాలపు జీఈబీ 24, తైవాన్ పొట్టి రకం టీఎన్ 1, మలేసియా నుంచి వచ్చిన మసూరి దాని పూర్వీకులు. గింజ సన్నం, అన్నం మెత్తన. కాలం మాత్రం అయిదు నెలలు. ఎండాకు తెగులు, అగ్గితెగులు దానికి తేలిగ్గా సోకుతాయి. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి మూడు నిరోధక జన్యువులు చేర్చిన మెరుగైన సాంబమసూరి 2008లో వచ్చింది.

నాణ్యతను పొలంలో ఎంత చూస్తారో మిల్లులో అంతకన్నా ఎక్కువ చూస్తారు. వ్యాపారి గుప్పెడు వడ్లు అరచేతుల్లో నలిపి, పొట్టు ఊది, ఒక గింజ కొరుకుతాడు. టక్కున విరిగితే ఆరినట్టు, మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టు. కోత మిషన్లు వచ్చాక పచ్చివడ్లే ఎక్కువగా కళ్లాలకు వస్తున్నాయి. తేమ 14 శాతానికి దిగేలా సరిగా ఆరబెట్టకపోతే ఆడినప్పుడు నూక పెరుగుతుంది. పొట్టు తీశాక పాలిష్ పట్టే యంత్రం తౌడును, దానితోపాటు బి విటమిన్లను ఊడ్చేస్తుంది. ఆ తర్వాత సార్టెక్స్ యంత్రం ప్రతి గింజనూ కెమెరాతో చూసి, మచ్చ ఉన్నదాన్ని గాలి ఊది పక్కకు నెడుతుంది. కొత్తబియ్యం వండితే ముద్దవుతుంది కాబట్టి ఒకప్పుడు నెలల తరబడి నిల్వచేసి పాతబియ్యంగా అమ్మేవారు. ఇప్పుడు వడ్లకు ఆవిరి పట్టి ఆ పొడితనాన్ని త్వరగా తెస్తున్నారు. సంచి మీద ‘స్టీమ్’ అని ఉండేది ఇదే. ఇంత శ్రమా చాలావరకు కంటికి నచ్చడం కోసమే. తెలుపు, సన్నం చూసి నాణ్యత తేల్చే అలవాటువల్ల తినేవాడు నష్టపోతున్నాడు.

ఈ బియ్యం మీద ప్రవాసులు ఎంతగా ఆధారపడ్డారో 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపినప్పుడు తెలిసింది. అమెరికాలోని భారతీయ దుకాణాల ముందు బారులు తీరారు. కొన్నిచోట్ల కుటుంబానికి ఇన్ని సంచులేనని పరిమితి పెట్టారు. 2024 సెప్టెంబరులో నిషేధం ఎత్తేశారు.

పండించే నేల మాత్రం దెబ్బతింటోంది. ఏళ్ల తరబడి మళ్లలో నిలిచిన నీటివల్ల ఆయకట్టులో వేల ఎకరాలు చౌడుబారాయి. గంగావతి పరిశోధన కేంద్రం ఉప్పునేలల మీద పనిచేస్తోంది. జలాశయంలో మట్టి మేటవేసి దాదాపు 133 టీఎంసీల నిల్వ 105కు తగ్గింది. 2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు ఈ పంట ఎంత సన్నని ఆధారంమీద నిలబడిందో ఆయకట్టంతా చూసింది.

2025 మే నెలలో సాంబమసూరి జన్యువును సవరించి రూపొందించిన డీఆర్‌ఆర్ ధాన్ 100 ‘కమల’ను కేంద్రం ప్రకటించింది. సుమారు 20 రోజులు ముందే కోతకొస్తుందని, ఆ మేరకు నీరు మిగులుతుందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. గింజ సన్నదనాన్ని, అన్నం రుచిని మాత్రం పాత సాంబమసూరిలాగే ఉంచారు. అవి మారితే మిల్లరు కొనడు.