ఈవలి యొడ్డున నిరీక్షణ

మన తెలుగువారి చరిత్రను వ్రాసినవారు రాజులను గూర్చియు, కవులను గూర్చియు, పరదేశములకు వలసపోయి పేరు గడించినవారిని గూర్చియు విరివిగా వ్రాసిరి. పెట్టె సర్దుకొని గుమ్మములో కూర్చున్నవారిని గూర్చి వ్రాసినవారు అరుదు. అమెరికాలో స్థిరపడిన అన్నయో, అక్కయో, బిడ్డయో చేసిన దరఖాస్తును నమ్ముకొని, వైద్యపరీక్షకును ఇంటర్వ్యూకును పిలుపు ఎప్పుడు వచ్చునా యని ఏండ్ల తరబడి ఎదురుచూచు కుటుంబములు చెన్నపట్టణము మొదలు బరంపురము వరకు మనలో చాల కలవు. ఈ నిరీక్షణ ఎచ్చట పుట్టినది? ఇంత దీర్ఘముగా ఎట్లు పెరిగినది? మన యిండ్లలో అది చేయుచున్న పని యేమి? ఈ మూడు ప్రశ్నలకు చరిత్ర కొంతవరకు సమాధానము చెప్పగలదు.

మన తాతముత్తాతలు ఇట్టి నిరీక్షణ నెరుగరు. 1937 వరకు బర్మా ఇండియాలో ఒక భాగము. కాకినాడ, విశాఖపట్టణము, గోపాల్‌పూరు రేవులలో టిక్కెట్టు కొని ఓడ యెక్కినవాడు రంగము చేరెను. వెళ్లినవాడు తమ్ముని పిలిచెను. తమ్ముడు బావమరదిని పిలిచెను. వీసా యను మాటయే ఆ యిండ్లలో వినబడలేదు. కూలి యొప్పందముపై మారిషసు, నేటాలు, ఫిజీ తోటలకు పోయినవారి సంగతి వేరు. 1883 నాటి వలసచట్టము ననుసరించి వారిని రేవుపట్టణపు డిపోలో నిలిపి, వైద్యాధికారి పరీక్షించి, పనికి తగినవారని తేల్చిన పిదపనే ఓడ యెక్కించిరి. ఆ పరీక్ష పనిచేయు దేహమునకే గాని కుటుంబబంధమునకు కాదు. 1917లో ఆ కూలి వలస నిలిచిపోయెను. కుటుంబబంధమును కాగితముపై రుజువు చేసి, దేహమును వైద్యునికి చూపి, అధికారి యెదుట నిలుచు నేటి పద్ధతి మనకు అమెరికా చట్టములనుండి వచ్చినది.

ఆ దేశమున మొదట ఈ పరీక్షలన్నియు ఆవలి యొడ్డుననే జరిగెను. 1891 నాటి చట్టము అంటువ్యాధులు గలవారిని చేర్చుకొనరాదని శాసించెను. 1892లో న్యూయార్కు రేవునందలి ఎల్లిస్ ద్వీపమున తనిఖీకేంద్రము వెలసెను. ఓడ దిగినవారు మేడమెట్లు ఎక్కుచుండగా వైద్యులు వారి నడకను, ఊపిరిని గమనించుచుండిరి. అనుమానము కలిగినచో కోటుపై సుద్దతో ఒక అక్షరము వ్రాసిరి. గుండెజబ్బునకు ఒకటి, కుంటితనమునకు ఒకటి, కంటిజబ్బునకు ఒకటి. పడమటి తీరమున శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఏంజెల్ ద్వీపమునందు 1910 నుండి 1940 వరకు ఇట్టి కేంద్రమే మరియొకటి నడచెను. అచ్చటికి చేరిన భారతీయులలో అధికులు పంజాబీలు. కడుపులో కొంకిపురుగు లున్నవను కారణమున వారిలో పలువురిని త్రిప్పి పంపిరి.

ఉన్న పొలమమ్మి, నెలల తరబడి సముద్రయానము చేసి, ఆవలి గట్టున కాలు మోపకుండగనే మరలవలసి వచ్చినవాని దుఃఖ మెట్టిదో చెప్పనక్కరలేదు. 1924 నాటి చట్టము ఈ పద్ధతిని మార్చెను. బయలుదేరుటకు పూర్వమే స్వదేశమునందలి అమెరికా కాన్సలు నొద్ద వీసా పొందవలెనని నిర్ణయించెను. 1925లో అమెరికా ప్రజారోగ్యశాఖ వైద్యులను బ్రిటిషు దీవులకు పంపి, అచ్చటనే పరీక్షలు ప్రారంభించెను. ఈ యేర్పాటులో కొంత దయ లేకపోలేదు. ఓడ యెక్కినవాడు మరల తిరిగి రావలసిన యవస్థ చాలవరకు తప్పెను. అయితే ఆవలి యొడ్డున గంటలలోను దినములలోను ముగిసిన వరుస, ఈవలి యొడ్డునకు మారి, క్రమముగా సంవత్సరములలో కొలవవలసినదయ్యెను.

ఆ 1924 నాటికి మనకు వరుసలో నిలుచు హక్కు కూడ లేదు. 1917 నాటి చట్టము ఆసియాలో అధికభాగమునుండి వలసను నిషేధించియుండెను. 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున అమెరికా సుప్రీముకోర్టు భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని తీర్పు చెప్పెను. 1946లో తలుపు కొద్దిగా తెరచుకొన్నది. ఏటికి 100 మంది భారతీయులు రావచ్చుననియు, వారు పౌరులు కావచ్చుననియు చట్టము చేసిరి. కోట్ల జనముగల దేశమునకు నూరు చీట్లు!

అసలు మార్పు 1965 అక్టోబరు 3వ తేదీన వచ్చెను. ఆనాడు అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకము చేసిన చట్టము జాతులవారీ కోటాలను రద్దుచేసి, బంధుత్వమునకు పెద్దపీట వేసెను. పౌరుల తోబుట్టువులకు నూటికి 24 వంతులు కేటాయించిరి; అన్ని తరగతులలోను అదియే పెద్ద వాటా. ఇందొక వింత కలదు. విద్యకు, నైపుణ్యమునకు మొదటి స్థానమీయవలెనని ప్రభుత్వము కోరగా, ప్రతినిధిసభలో వలసల ఉపసంఘమునకు అధ్యక్షుడైన మైకేల్ ఫీఘన్ కుటుంబమునకే మొదటి స్థానమని పట్టుబట్టెను. అప్పటికే అమెరికాలో నున్నవారు ఐరోపా సంతతివారు గనుక, బంధువులను పిలిచినను ఐరోపావారే వత్తురని ఆ పక్షమువారి లెక్క. ఆ లెక్క తప్పెను. అదే చట్టముక్రింద వైద్యులుగను, ఇంజనీర్లుగను వెళ్లిన భారతీయులు ఐదేండ్లకు పౌరులై, తమ తోడబుట్టినవారికి దరఖాస్తులు పెట్టిరి. ఎవరికొరకో తీసిన ద్వారమున మనవారు నడచిరి.

నడచువారు పెరిగినకొలది ద్వారము ఇరుకయ్యెను. 1990 నాటి చట్టము నేటి అంకెలను స్థిరపరచెను. పౌరుల భార్యాభర్తలకు, 21 ఏండ్లలోపు అవివాహిత బిడ్డలకు, తల్లిదండ్రులకు సంఖ్యానియమము లేదు. తక్కిన బంధువులు నాలుగు తరగతులు. అందులో చివరిది తోబుట్టువులది. దానికి ప్రపంచమంతటికిని ఏటికి 65,000 వీసాలు. ఆ సంఖ్యలో తోబుట్టువులే గాక వారి భార్యాభర్తలు, బిడ్డలు కూడ చేరుదురు. నలుగురున్న కుటుంబము నాలుగు వీసాలు తీసికొనును. పైగా ఏ యొక్క దేశమునకును సామాన్యముగా నూటికి 7 వంతులు మించరాదు. దరఖాస్తు చేరిన దినమునే ప్రాధాన్య తేదీ యందురు. అమెరికా విదేశాంగశాఖ నెలనెల ప్రకటించు పట్టికలో ఆ తేదీ వచ్చువరకు కదలరాదు. 2025వ సంవత్సరారంభమున, ఇండియాలో పుట్టిన తోబుట్టువుల వరుస 2006 నాటి దరఖాస్తుల యొద్ద నుండెను.

దేశమను మాటకు ఇచ్చట పుట్టిన దేశమని యర్థము, పౌరసత్వముతో పనిలేదు. ఇందువలన మన చరిత్ర ఊహింపని చోట పలుకును. రంగములో పుట్టి, పసితనమున తల్లిదండ్రులతో తిరిగివచ్చి, జీవితమంతయు భారత పౌరుడుగా గడపిన తెలుగువాని పేరు ఇండియా వరుసలో గాక బర్మా వరుసలో చేరును. తాత యెక్కిన ఓడ మనుమల కాలమున ఇట్లు లెక్కకు వచ్చును.

తేదీ దగ్గరపడినప్పుడు కాగితముల వంతు వచ్చును. ఇతర భాషాప్రాంతములలో తరతరములుగా నున్న మనకు ఇది మరింత చిక్కు. చెన్నపట్టణములో పుట్టినవారి పత్రము తమిళమున, బళ్లారిలో పుట్టినవారిది కన్నడమున, బరంపురములో పుట్టినవారిది ఒడియాలో, షోలాపురములో పుట్టినవారిది మరాఠీలో నుండవచ్చును. యానాములో పాత తరమువారి జననము ఫ్రెంచి రిజిస్టరులో నుండును. మన యింటిపేరు ముందుండును. తమిళదేశపు బడిలో అది ఒక పొడి యక్షరముగా మారును. పాసుపోర్టులో తండ్రిపేరు చివరకు చేరును. పాత రిజిస్టరులలో పేరులేక ‘మగశిశువు’ అని మాత్రమే యుండుటయు కలదు. అన్నదమ్ములిద్దరు ఒకే తల్లి బిడ్డలని ఊరంతయు ఎరిగియుండగా, కాగితము మాత్రము ఎరుగదు.

ఇంటర్వ్యూకు ముందు వైద్యపరీక్ష. అమెరికా ప్రభుత్వము గుర్తించిన వైద్యులే దీనిని చేయవలెను. 15 ఏండ్లు నిండినవారికి ఛాతి ఎక్స్‌రే. 1996 నాటి చట్టము తరువాత టీకాలు తప్పనిసరి. ఏ వ్యాధికి భయపడవలెనను విషయము కాలమునుబట్టి మారినది. 1987 నుండి హెచ్.ఐ.వి. గలవారికి ప్రవేశము నిషిద్ధమైయుండి, 2010 జనవరిలో ఆ నిషేధము తొలగెను. కోవిడ్ టీకా 2021 అక్టోబరులో చేరి, 2025లో పోయెను. క్షయవ్యాధి మాత్రము నాటినుండి నేటివరకు నిలిచినది. ఎక్స్‌రేలో అనుమానము కలిగినచో మూడు దినములు వరుసగా కఫము నిచ్చి, క్రిములు పెరుగునేమో చూచుటకు ఎనిమిది వారములు వేచియుండవలెను. పరీక్షాఫలము సాధారణముగా ఆరు నెలలు మాత్రమే చెల్లును. ఏండ్ల నిరీక్షణ చివరకు ఆరు నెలల గడువుగా మారును.

మా బంధువుల యింట జరిగిన సంగతి నొకటి చెప్పెదను. బరంపురములోని మా పినతల్లి కుమార్తెకు, అమెరికాలోని అన్నగారు 2004లో దరఖాస్తు పెట్టిరి. అప్పటికి ఆమె కుమారునకు 9 ఏండ్లు, కుమార్తెకు 3 ఏండ్లు. ఇల్లు మరమ్మతు చేయుదమన్నచో ‘వెళ్లబోవుచున్నాము గదా’ అనిరి. స్థలము కొనుదమన్నను అదే మాట. 2020 ఆరంభమున తేదీ వచ్చెను. మార్చి మొదటి వారమున వైద్యపరీక్ష ముగిసినది, ఏప్రిలులో ఇంటర్వ్యూ. మార్చి 20వ తేదీన మహమ్మారి కారణమున ప్రపంచమంతట అమెరికా వీసాకార్యాలయములు సాధారణ పనులను నిలిపివేసెను. పరీక్షాఫలమునకు గడువు తీరిపోయెను. 2022లో మరల పిలుపు, మరల పరీక్ష. భర్తకు చిన్ననాడు వచ్చి మానిన క్షయ మచ్చ ఎక్స్‌రేలో కనబడగా ఎనిమిది వారములు గడచెను. క్రిములు లేవని తేలిన పిమ్మట జరిగిన ఇంటర్వ్యూ పది నిమిషములైనను పట్టలేదు.

వీసాలు మూడే వచ్చినవి. బిడ్డ 21 ఏండ్లు దాటినచో తల్లిదండ్రుల వెంట పోరాదు. 2002 నాటి చట్టము ఇందు కొంత ఊరట కల్పించెను. వరుస వచ్చిన దినమునాటి వయస్సునుండి, దరఖాస్తు పరిశీలనలో నున్న కాలమును తీసివేయుదురు. ఆ పరిశీలనకు మూడేండ్లు పట్టెను. వరుస వచ్చునాటికి కుమార్తెకు 19. మూడు తీసివేయగా 16. తరువాత ఎంత యాలస్యమైనను చట్టపు లెక్కలో ఆమె పదునారేండ్ల బాలికయే. కుమారునకు 25, మూడు తీసివేసినను 22. ఒక్క యేడాది తేడా. ఆ రాత్రి తల్లి తాను వెళ్లనని కూర్చుండగా కుమారుడు చెప్పిన మాట నేను విన్నాను: “అమ్మా, మామయ్య ఇన్నేళ్లు చూసింది నీకోసం. చెల్లాయిని తీసుకుని వెళ్లండి. నాయనమ్మను, ఇంటిని నేను చూసుకుంటాను.”

వారు వెళ్లిరి. అన్నచెల్లెండ్రను కలుపుటకు పెట్టిన దరఖాస్తు తల్లిని కుమారునినుండి వేరుచేసెను. తల్లి ఇప్పుడు అతనికొరకు దరఖాస్తు పెట్టినది. అది వేరొక వరుస. ఆమె పౌరసత్వము పొందువరకు ఆ వరుసలో అతడు అవివాహితుడుగనే యుండవలెను. పెండ్లి చేసికొన్నచో దరఖాస్తు చెల్లదు. సంబంధములు వచ్చుచునే యున్నవి. నాయనమ్మ మాత్రము తిథులు లెక్కించుట మానివేసి, పట్టికలో తేదీ కదలినదా యని నెలనెల అడుగుచున్నది.

ఇందు ఎవరిని నిందింపవలెను? ప్రతి దేశమునకును తన తలుపు తాను వేసికొను హక్కు కలదు. తోబుట్టువుల తరగతిని తీసివేయవలెనని 1995లో బార్బరా జోర్డాన్ అధ్యక్షతనున్న సంఘము అమెరికాలోనే సిఫారసు చేసెను. అయినను అది నిలిచినది. నే ననునది ఒక్కటే. చట్టమునకు కుటుంబమనగా ఒక నిర్వచనము. మనకు కుటుంబమనగా ఒక యిల్లు. ఆ నిర్వచనములో నాయనమ్మకు, మేనత్తకు, ఇరువదిరెండేండ్ల కుమారునకు చోటు లేదు. వరుసలో నిలిచిన దినముననే ఈ సంగతి తెలిసియుండవలెను. తెలియకపోవుటచేత పదునెనిమిదేండ్లు ఒక కుటుంబము కదలని ఓడలో కూర్చున్నది.

మన సంఘములు ఉత్సవములతోపాటు ఈ పనియు చేయదగును. బిడ్డల జననపత్రములను, పేర్ల మార్పులను పెద్దలుండగానే సరిచేయించుటకు తోడ్పడవలెను. దరఖాస్తు పెట్టిన దినముననే బిడ్డల వయస్సును లెక్కించి చూపవలెను. దరఖాస్తు చేసినవారు మరణించినచో సామాన్యముగా దరఖాస్తును అంతరించుననియు, మరియొక బంధువు ఆర్థికమైన పూచీ వహించి ప్రత్యేకముగా అర్థించుటకు 2002 నుండి వీలు కలదనియు చెప్పవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, వరుసలో నున్నవారితో, ఇల్లు మరమ్మతు చేసికొనుడని, స్థలము కొనుడని, పెండ్లిండ్లు చేయుడని చెప్పవలెను. బరంపురములోని ఆ యింటికప్పు 2004 నుండి కారుచునే యుండెను. కిందటి వానకాలమునకు ముందు ఆ కుమారుడు దానిని బాగుచేయించెను.